ముదిమిలో మేని మచ్చలు, పులిపిరులు



వయస్సు ముదిరినకొలది తల నెఱయుటయు, చూపు మందగించుటయు, దంతములు కదలుటయు అందఱు నెఱిగినవే. వీనిని గూర్చి మనము విసుగుకొందుము గాని భయపడము. చర్మము సంగతి యట్లు కాదు. అరువది యేండ్లు నిండినవాని వీపుమీదనో చెక్కిలిమీదనో క్రొత్తగా నొక నల్లని మచ్చ లేచినచో ఇంటిలో రెండు విధములైన మాటలు పుట్టును. "వయసు మచ్చలే, ఏమియు కాదు" అని కొందఱు పైకి చెప్పుదురు. "రాచపుండు కాదు గదా" అని మఱికొందఱు చాటున గొణుగుదురు. ఈ రెండు మాటలును ఒక్కొక్కప్పుడు నిజమే. ఏది యెప్పుడు నిజమో పోల్చుకొనుటకు కొన్ని గుఱుతులు కలవు. వానినే నేడు మీకు విన్నవింప దలచినాను. నేను ముప్పది యేండ్లకు పైగా చర్మరోగములకు చికిత్స చేయుచున్నవాడను. నా యొద్దకు వచ్చు వృద్ధులలో నిష్కారణముగా నిద్ర మానుకొన్నవారును కలరు; నిద్ర మానుకొనవలసిన చోట నిశ్చింతగా కూర్చున్నవారును కలరు. ఇందు రెండవవారిని చూచినపుడే నాకు ఎక్కువ బాధ.

మొదట భయపడ నక్కఱలేని వానిని చెప్పుదును. ఏలయన మీ మేనిమీద మీరు చూచు వానిలో మిక్కిలి హెచ్చుభాగము ఇవియే.

వీనిలో పెద్దపీట వృద్ధాప్యపు చర్మకీలమునకు వేయవలెను. వైద్యులు దీనిని సెబొరిక్ కెరటోసిస్ అందురు. ఏబది యేండ్లు దాటినవారిలో ఇది యొక్కటియైన లేనివారు అరుదు. వీపు, ఱొమ్ము, కణతలు, మెడ దీనికి ఇష్టమైన చోట్లు. గోడకు కొట్టిన పిడకను మీరందఱు చూచియున్నారు. ఆ పిడకకు గోడలోనికి వేరు లేదు, పైన అతికియుండును, అంచు తేటగా తెలియును, కొన యెత్తి లాగినచో ఊడివచ్చునేమో యనిపించును. ఈ చర్మకీలము సరిగా అట్లే యుండును. వ్రేలితో తడిమిన మైనము పూసినట్లు జిడ్డుగను, కొంచెము గరుకుగను తగులును. దగ్గఱగా చూచిన సన్నని గుంటలును, వానిలో ఇఱుకుకొన్న మట్టిరంగు గింజలును కానవచ్చును. రంగు లేతగోధుమ మొదలు బొగ్గునలుపు వఱకు ఏదియైన కావచ్చును. కావున నలుపు చూచి జడియవలదు. ఏటేట ఇవి సంఖ్యలో పెరుగును, మెల్లగా వెడల్పగును. ఒరసుకొన్నపుడు దురదపెట్టును, గోకిన రక్తము చిమ్మును. కాని ఒకరినుండి యొకరికి అంటుకొనవు, రాచపుండుగా మాఱవు. చూపునకు బాగుండలేదని తీయించుకొనువారు తీయించుకొనవచ్చును. అట్లే యుంచుకొన్నను నష్టము లేదు.

మన నల్లని చర్మము గలవారి చెక్కిళ్ళమీదను, కన్నుల చుట్టును ఆవగింజలవలె, మినుములవలె చల్లినట్లుండు చిన్నచిన్న నల్లని పొక్కులు ఈ జాతిలోనివే. తల్లికుండిన కూతునకు, తండ్రికుండిన కొడుకునకు వచ్చుచుండును. 1925లో కాస్టెల్లానీ యను వైద్యుడు వీనికొక పొడుగుపాటి లాటిను పేరు పెట్టినాడు. మనకు ఆ పేరుతో పనిలేదు.

ఇక మెడచుట్టును, చంకలలోను, గజ్జలలోను సన్నని కాడతో వ్రేలాడు మెత్తని పులిపిరులు. ఇవియు నిరపాయములే. అయినను ఇవి పదులకొలది లేచినవారు, ముఖ్యముగా స్థూలకాయులు, ఒకమాఱు రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనుట మంచిది. మధుమేహమునకును ఈ పులిపిరులకును చుట్టరికము కలదు. ఇవిగాక, ఱొమ్ముమీదను పొట్టమీదను లేచు గురిగింజరంగు చుక్కలు రక్తనాళముల ముడులు. చర్మము క్రింద జారుచు, వ్రేలితో నొక్కిన అటునిటు కదలు మెత్తని కంతులు కొవ్వుకంతులు. వీనిని గూర్చి ఇంతకన్న చెప్పవలసినది లేదు. కొవ్వుకంతి గట్టిపడినను, వేగముగా పెరిగినను మాత్రము చూపించుకొనవలెను.

ఒక్క జాగ్రత్త. ఒకని వీపుమీద ఇరువది చర్మకీలములు ఒకే పోలికతో నుండి, వాని నడుమ ఒక్కటి మాత్రము వేఱుగా నుండవచ్చును. గొఱ్ఱెలమందలో మేక ఎట్లు కనబడునో అట్లు అది కనబడును. ఇరువదింటిని చూచి ధైర్యము తెచ్చుకొన్న కన్ను ఆ యొక్కదానిని దాటిపోరాదు.

మన భాష కూడ ఇచ్చట మనకొక సాయము చేయుచున్నది. పుట్టుమచ్చ యను పేరులోనే దాని లక్షణమున్నది: అది పుట్టుకతోనో, బాల్యయౌవనములలోనో వచ్చునది. సాధారణముగా నలుబది యేండ్ల లోపలనే పుట్టుమచ్చలు వచ్చి నిలుచును. ముదిమిలో అవి వెలవెలబోవుట, మెత్తబడి ఉబ్బుట, వానిపై వెండ్రుకలు లేచుట సహజము. కాని అరువదవ యేట క్రొత్తగా లేచిన నల్లమచ్చను పుట్టుమచ్చ యనుట మాటకే విరుద్ధము. అది పిడకవంటి చర్మకీలమైన సరే. కానిచో అది యేమో తేల్చుకొనవలెను. పంచాంగము వెనుక పుటలలో ఏ చోటి మచ్చకు ఏ ఫలమో వ్రాసియుందురు. ఆ పుటలు వ్రాసినవారు కూడ మచ్చ పెరిగిన ఫలమేమో వ్రాయలేదు.

ఇక రెండవ జాతికి వత్తును. రోగము పూర్తిగా వెలువడక మున్ను కానవచ్చు చిహ్నములకు ఆయుర్వేదమున పూర్వరూపమని పేరు. ఆ మాటనే నేను ఇచ్చట వాడుకొందును. రాచపుండునకు పూర్వరూపమైన మచ్చలు కొన్ని కలవు. అవి రాచపుండ్లు కావు. ఉపేక్షించిన కొన్ని అట్లు కాగలవు. ఈ భేదము బోధపడుటకు చర్మపు కట్టడము కొంచెము తెలియవలెను.

మన చర్మపు పైపొర సూక్ష్మమైన కణముల వరుసలతో నేర్పడినది. కణములు అడుగువరుసలో పుట్టి, మెల్లగా పైకి జరిగి, కడకు పొట్టువలె రాలిపోవును. ఈ ప్రయాణమునకు నెల, నెలన్నర పట్టును. పైపొరకును లోపలి చర్మమునకును నడుమ సన్నని తెర యొకటి యున్నది. దానిని పొలముగట్టు అనుకొనుడు. ఎండచేతనో, కాక చేతనో, విషముచేతనో అడుగువరుసలోని కణములు చెడి, వికారములై, క్రమము తప్పి పెరుగవచ్చును. అవి యెంత చెడినను గట్టున కీవల నున్నంతవఱకు పూర్వరూపమే. గట్టు తెంపుకొని లోపలి చర్మములోనికి దిగిననాడు అది రాచపుండగును. పైపొరలో రక్తనాళములు లేవు. లోపలి చర్మములో కలవు. వానివెంట చెడిన కణములు చంకలలోని, గజ్జలలోని బిళ్ళలకును, అచ్చటినుండి దూరపు అవయవములకును పోగలవు. గట్టు తెగకముందు చికిత్స స్వల్పము, తెగిన పిదప పెద్దది. నేను ఈ ప్రసంగము చేయుట ఈ వ్యత్యాసము కొఱకే.

పాశ్చాత్యుల గ్రంథములు చూచినచో ఈ పూర్వరూపములకు ఎండయే ముఖ్యకారణమని యుండును. అది వారి యెడల నిజము. తెల్లని చర్మము గలవారికి నుదుట, బట్టతలమీద, చెవి అంచున, ముంజేతిమీద ఎండ తగిలి గరుకుకాగితమువంటి పొరలు లేచును. అవి కంటికంటె వ్రేలికి ముందు తెలియును. మన చర్మములోని నల్లని రంగు ఎండకు గొడుగువంటిది. అందుచేత ఎండుపొరల మచ్చలు మనలో తక్కువ. అయితే పుట్టుకతోనే ఒడలెల్ల తెల్లగను, జుట్టు పాలిపోయియు నుండువారు మన గ్రామములలోను కలరు. వారికి ఆ గొడుగు లేదు. వారికి ముప్పది, నలుబది యేండ్లకే ఇట్టి మచ్చలు వచ్చును. వారిని ఎండలో పనికి పంపక, నిండు చేతుల చొక్కాయు, వెడల్పైన టోపీయు ఇచ్చి, ఏటేట వైద్యునికి చూపవలెను. బొల్లి వేఱు, దానికిని దీనికిని ముడిపెట్టరాదు. మఱియొక మినహాయింపు క్రింది పెదవి. ఏండ్లతరబడి ఎండలో పనిచేసి, చుట్టకూడ త్రాగువాని క్రింది పెదవి తెల్లబడి, పెచ్చులు లేచి, పగుళ్ళు మానకున్న అది పూర్వరూపమే కావచ్చును. అడ్డపొగ త్రాగు స్త్రీలు, పురుషులు అంగిలిని కూడ చూపించుకొనవలెను.

మనవారి చర్మమున రాచపుండు పుట్టు చోట్లు మఱికొన్ని కలవు. ఆ చోట్లను మనము చూడము. అందు మొదటిది పాత కాలిన మచ్చ.

1828లో ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు మార్జోలిన్ పాతమచ్చలపై పుట్టు మొండి పుండ్లను వర్ణించెను. నేటికిని వానిని ఆయన పేరనే పిలుతురు. బాల్యమున వేడినీళ్ళు పడియో, కుంపటి తగిలియో, చీర కంటుకొనియో కాలిన మచ్చ ముప్పది యేండ్లు నిశ్చలముగా నుండును. తరువాత ఒకనాడు అది పగులును. మానును, మఱల పగులును. పిదప మానుట మానివేయును. అంచులు గట్టిపడి లేచును, దుర్వాసన వచ్చును. "పాతమచ్చయే గదా" యని యింటివారు పసుపు పెట్టుచుందురు. కాలిన మచ్చయే కానక్కఱలేదు. ఏండ్లతరబడి కారు ఎముకపుండును, పిక్కమీది మొండిపుండును, కుష్ఠు తగ్గినను స్పర్శలేని అరికాలి పుండును గూడ ఇట్లే మాఱవచ్చును. కాక తగులుచుండిన చోటునకు సాక్ష్యము కాశ్మీరమున నున్నది. అచ్చటివారు చలికి కాంగ్రీ యను నిప్పుల కుండను అంగీక్రింద పొట్టకు ఆనించుకొందురు. పొట్టమీదను, తొడల లోపలి వైపునను పుట్టు రాచపుండునకు ఈ కుండయే కారణమని 1866లోనే ఎల్మ్స్లీ యను వైద్యుడు వ్రాసెను.

రెండవ చోటు నడుము. ఇది నేరుగ మన కట్టుబొట్టుకు సంబంధించినది గనుక కొంచెము విస్తరించి చెప్పుదును. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలో పనిచేసిన ఖనోల్కరు గారును, సూర్యాబాయి గారును 1945లో ధోవతి కట్టువారి నడుమున పుట్టు రాచపుండును గూర్చి ప్రకటించిరి. ధోవతిని ప్రతిదినము ఒకే చోట బిగించి కట్టుదుము. చెమట, దుమ్ము, ఒరపిడి ఆ యొక్క రేఖమీదనే పడును. ముందు అచ్చటి చర్మము నల్లబడును లేక తెల్లబడును, దళసరియై పొట్టు లేచును. దీనిని చూచి "కట్టు కాయ" యని నవ్వుకొందుము. కొందఱిలో ఏండ్లు గడచిన పిదప అచ్చట పుండు లేచును. స్త్రీలలో చీరకట్టునకును, లంగాబొందునకును ఇదే గతి. 2024లో వార్ధా, బీహారుల వైద్యులు ఇట్టి యిద్దఱు వృద్ధస్త్రీల సంగతి ప్రకటించిరి. అందొకామె నడుముమీది పుండు పదునెనిమిది నెలలుగా మానక యుండినది.

నేను చూచిన వారిలో ఒక పెద్ద రైతు కలడు. ఎడమ డొక్కమీద, పంచె బిగించు చోట, రెండేండ్లుగా పుండు. సిగ్గుచేత భార్యకు తప్ప ఎవ్వరికిని చూపలేదు; ఆమె వేపాకు నూఱి కట్టుచుండెను. నా యొద్దకు వచ్చునప్పటికి గజ్జలో బిళ్ళ గట్టిగా లేచియున్నది. పుండును, బిళ్ళను రెండింటిని కోసి తీయవలసి వచ్చినది. ఆయన బ్రతికినాడు, కాని కాలువాపు నేటికిని పోలేదు. పుండు పెసరగింజంత యున్ననాడు వచ్చియుండిన అరగంట పని.

అందుచేత నా మనవి: పంచె, లంగాబొందు, మొలత్రాడు వదులుగా కట్టుడు. సన్నని త్రాటికంటె వెడల్పైన పట్టీ మేలు. కట్టు చోటును అప్పుడప్పుడు కొంచెము పైకిని క్రిందికిని మార్చుడు. అచ్చటి చర్మము రంగు మాఱిన కొంతకాలము కట్టునే మార్చి చూడుడు. కాయకాచిన యందఱికిని పుండు పడదు; పుండు పడి నెలలోపల మానకున్న ఆలస్యము చేయరాదు.

మూడవది అరచేతులు, అరికాళ్ళు. ఇచ్చట రెండు సంగతులు కలవు. ఒకటి పాషాణము. నీటిలోనో, మందులోనో పాషాణము చిరకాలము కడుపులోనికి పోయినవారికి అరచేతులయందును అరికాళ్ళయందును ఆనెకాయలవంటి గట్టి గింజలు అనేకము లేచును. ఒంటిమీద వానచినుకులు పడినట్లు మచ్చలు కనబడును. ఈ గింజలు పూర్వరూపములే. పశ్చిమ వంగదేశమునను, బంగ్లాదేశమునను గొట్టపు బావుల నీటిచే లక్షలమంది ఇట్టి బాధకు గుఱియైనారు. మన ప్రాంతమున అనుమానింపవలసినది నీటికంటె, ఉబ్బసమునకును, సోరియాసిస్ వంటి మొండి చర్మవ్యాధులకును ఊరూరు తిరుగువా రిచ్చు పేరులేని పొడులు. పాషాణము తినుట మానిన పిదప గూడ ఈ గింజలు పదియిరువది యేండ్లకు కానవచ్చును గనుక, వైద్యుడు అడిగినపుడు ఎన్నడో మ్రింగిన మందును గూడ జ్ఞాపకము చేసికొని చెప్పవలెను.

రెండవది నల్లమచ్చ రాచపుండు, మెలనోమా. పాశ్చాత్యులలో ఇది ఒడలంతట వచ్చును. మనలో మాత్రము అది కోరుకొను చోట్లు అరికాలు, అరచేయి, గోటి క్రింది చర్మము. దీనిని గుర్తించుటకు 1985లో న్యూయార్కు వైద్యులు ఒక సూత్రము చెప్పిరి. మన మాటలలో చెప్పిన: మచ్చను నడుమ గీత గీచిన రెండు సగములు పోలవు, అంచు తెగిన ఆకువలె వంకరటింకరగా నుండును, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, బూడిద, ఎఱుపు కలసియుండును, వెడల్పు ఆరు మిల్లీమీటర్లకు, అనగా సుమారు కందిగింజకు మించును. మచ్చ నానాటికి మాఱుట యను ఐదవ గుఱుతును 2004లో చేర్చిరి. నా యనుభవమున ఈ యైదింటిలో కడపటిదే అరికాలి విషయమున ఎక్కువ పనికివచ్చును. చెప్పులు లేక నడచిన అరికాళ్ళలో రంగు మచ్చలు మనకు సహజముగనే పలుచగా నుండును. అవి ఏండ్లు గడచినను అట్లే యుండును. పెరుగునది, ఉబ్బునది, రసి కారునది వేఱు. గోటిలో పొడవున నల్లని చాఱ యొకటి క్రొత్తగా లేచి నెలనెలకు వెడల్పగుచు, గోటి మొదటి చర్మముమీదికి నలుపు ప్రాకిన, అది దెబ్బ తగిలిన నలుపని మోసపోవలదు. దెబ్బ నలుపు గోటితోకూడ ముందునకు జరిగి కొన్ని నెలలకు పోవును. ఇది జరుగదు, వెడల్పగును.

ముఖమున మఱియొకటి కలదు. 1827లో డబ్లిను నగరపు జేకబ్ అను వైద్యుడు కనుఱెప్పను తినివేయు పుండు నొకదానిని వర్ణించెను. ఎలుక కొఱికినట్లు తినునని దానికి ఇంగ్లీషువారు ఎలుకపేరే పెట్టిరి. ముక్కు ప్రక్కన, క్రింది ఱెప్పమీద, చెక్కిలిమీద మెఱయు ముత్యపు అంచుతో మొదలగును. మనలో ఇది తఱచు నల్లగా నుండుటచే పుట్టుమచ్చ యని పొరబడుదురు. ముఖము కడిగి తువాలుతో తుడిచినపుడు రక్తపు చుక్క వచ్చును, పక్కు కట్టును, మానినట్లుండి మఱల పక్కు ఊడును. ఒక ముసలమ్మకు ముక్కు ప్రక్కన ఇట్టి మచ్చ నాలుగేండ్లు ఉండినది. అది వచ్చిన పిమ్మట మనుమనికి ఉద్యోగము దొరకినదని ఆమె దానిని ముట్టనీయలేదు. ఈ జాతి దూరపు అవయవములకు ప్రాకుట అత్యంత అరుదు. కాని ఉన్నచోటనే ముక్కును కన్నును తినివేయును. ఆమెకు మాత్రము చిన్న శస్త్రముతో పోయినది. మనుమని ఉద్యోగము పోలేదు.

ఇంక బోవెన్ వర్ణించిన మచ్చ. 1912 నాటిది ఆ వర్ణన. చూచుటకు తామరవలె ఎఱ్ఱగానో మట్టిరంగుగానో, పొట్టుతో, ఒంటరిగా నుండును. తామర మందులకు నెలల తరబడి లొంగదు. ఇది గట్టునకు ఈవలనే యున్న రాచపుండు. నూటికి మూడు నుండి ఐదు వఱకు మాత్రమే గట్టు దాటును. ఒక్కటే తామర, ఒక్క చోటనే, సంవత్సరముగా నున్నచో మందు మార్చుట చాలించి వైద్యుని మార్చుడు. అన్నట్లు, స్పర్శలేని పాలిపోయిన మచ్చ కనబడిన అది వేఱు సంగతి; కుష్ఠు పరీక్షకు పొండు. దాని మందులు ప్రభుత్వపు ఆసుపత్రులలో ఉచితము.

ఇట్లు గుర్తించిన పిదప చేయరాని పని యొకటి కలదు. పులిపిరికి గుఱ్ఱపు వెండ్రుక బిగించుట, సున్నమును చాకలిసోడాను కలిపి పెట్టుట, జీడిరసముతో కాల్చుట మన యూళ్ళలో వాడుక. సన్నని కాడ గల మెడపులిపిరికి వెండ్రుక కట్టిన చీము పట్టునేమో గాని ప్రాణాపాయము లేదు. మధుమేహులకు ఆ చీమే పెద్ద యాపద. అంతకంటె చెడ్డది వేఱొకటి. మీరు కాల్చినది నిజముగా రాచపుండయినచో, పైభాగము మాడి మాయమగును. క్రింది వేరు గట్టునకు ఆవల పెరుగుచునే యుండును. పైన మచ్చయే లేనందున వైద్యునికి సైతము చూచుటకేమియు మిగులదు. దొంగ యడుగుజాడలను మనమే చెఱిపినట్లగును.

ఇంతకంటె బలమైన అడ్డు ఒక నమ్మకము. "కత్తి తగిలినచో రాచపుండు ప్రాకును" అని వృద్ధులు నాతో చెప్పుచునే యుందురు. తమ కన్నులతో చూచితిమని చెప్పుదురు. వారు చూచినది నిజమే. చెప్పిన కారణము సరికాదు. మన పల్లెలవారు ఆసుపత్రికి పోవునది తఱచు పుండు పెద్దదైన పిదప. అప్పటికే కణములు బిళ్ళలకు పోయియుండును. కోసిన ఆఱు నెలలకు అవి పైకి తేలిన నింద కత్తిమీద పడును. ముక్క పరీక్ష వలన చర్మపు రాచపుండు ప్రాకినదనుటకు ఆధారము లేదు. ప్రాకించునది కాలము.

ముక్క పరీక్ష యనగా నేమో చెప్పుదును, భయము కొంత తీరును. మచ్చచుట్టు సూదిమందు వేసి చర్మమును మొద్దుపఱతురు. మందు ఎక్కునపుడు చీమ కుట్టినట్లుండును. తరువాత నొప్పి యుండదు. మచ్చ చిన్నదైన మొత్తము, పెద్దదైన గింజంత ముక్క తీసి ఒకటి రెండు కుట్లు వేయుదురు. ఆ ముక్కను కరగిన మైనములో పోసి గట్టిపఱచి, వెండ్రుకకంటె ఎన్నో రెట్లు పలుచని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శనిలో చూతురు. గట్టు తెగినదా లేదా యను సంగతి అచ్చట తేలును. కంటితో ఎంతటి నిపుణుడైనను తేల్చలేడు. కొన్ని దినములలో కాగితము వచ్చును. ఏ వైద్యుడైన ముసలివారి కంతిని కోసినపుడు, "దీనిని పరీక్షకు పంపుదురా?" యని అడుగుడు. అడుగుట మీ హక్కు; మంచి వైద్యుడు కోపగించుకొనడు.

ఇంటివద్ద చూచుకొను పద్ధతి సులభము. నెలకొకమాఱు తలంటుకొను దినమున పగటి వెలుతురులో ఒడలంతయు చూచుకొనుడు. వీపును, నడుము వెనుకను భార్యగాని కొడుకుగాని చూడవలెను. అరికాళ్ళు, వ్రేళ్ళ సందులు, గోళ్ళు, పాతమచ్చలు మఱువరాదు. అనుమానము గలిగిన మచ్చ ప్రక్కన రూపాయి బిళ్ళ నుంచి, మనుమని చేతి ఫోనుతో పటము తీయించి తారీఖుతో దాచుడు. వచ్చునెల అదే బిళ్ళతో మఱల తీసిన పెరిగినదో లేదో వాదము లేకుండ తెలియును. మచ్చ మాఱుచున్నను, కారణము లేక రక్తము కారినను, పుండు నాలుగు వారములలో మానకున్నను, పాతమచ్చ పగిలినను, పులిపిరి యొంటిగా లేచి మొదలు గట్టిపడినను, కొమ్మువలె పొడుచుకొని వచ్చినను వైద్యునికి చూపవలెను. నొప్పి లేదని ఉపేక్షింపరాదు. తొలిదశలో వీనికి నొప్పి సాధారణముగా నుండదు.

పూర్వరూపముగా తేలినవానికి చికిత్సలు తేలికవి: ద్రవనత్రజనితో గడ్డకట్టించి రాల్చుట, పైపూత మందులు, లేదా చిన్న శస్త్రము. గట్టు దాటినవానికి చుట్టును కొంత మంచి చర్మముతో కూడ కోసి తీయుదురు. కొందఱికి కిరణచికిత్స యవసరమగును. తొలిదశలో తీసిన చర్మపు రాచపుండ్లలో హెచ్చుభాగము పూర్తిగా కుదురును. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలోని చర్మవ్యాధుల శాఖలో మొదట చూపుడు. అవసరమైన వారే హైదరాబాదు ఎమ్. ఎన్. జె. కేన్సరు ఆసుపత్రికో, విశాఖపట్టణపు హోమీ భాభా కేన్సరు ఆసుపత్రికో పంపుదురు. పోవునపుడు రేషను కార్డును, ఆరోగ్య పథకపు కార్డును, పూర్వము వాడిన మందుల చీట్లను, ఆ పటములు గల ఫోనును తీసికొనిపొండు. మచ్చ యెప్పుడు లేచినదో, ఏమి పూసినారో దాచక చెప్పుడు. పసుపు పూసిన పసుపనియు, జీడి పెట్టిన జీడియనియు చెప్పుడు. మచ్చమీద కట్టిన ఆకుపసరును ముందునాడే కడిగివేయుడు. రంగంటిన చర్మముమీద మాకు ఏ గుఱుతును సరిగా కనబడదు.